ఇంట్లో సముద్రం, ఇంటి కింద సంపు

పిల్లలూ, సంపు అంటే ఏమిటో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కుళాయి నీరు వచ్చే వేళకు ఇంటి ముందు నేలలో కట్టిన తొట్టి నిండుతుంది. అదే సంపు. మోటారు వెయ్యగానే అందులోని నీరు మేడమీది ట్యాంకుకు ఎక్కుతుంది. ట్యాంకు నుంచి కుళాయిలకు దిగుతుంది.

ఇప్పుడు మీకు చెప్పబోయేది మరొక రకం సంపు. దీనిలో నుంచి కూడా నీరు పైకి ఎక్కుతుంది, కిందికి దిగుతుంది. అయితే దిగిన నీరు కుళాయిలకు పోదు, తిరిగి సంపులోకే వస్తుంది. రాత్రింబవళ్ళు ఇలా తిరుగుతూనే ఉంటుంది. అది ఉప్పునీరు. ఆ నీటిని నమ్ముకుని బతికేవి చేపలూ, పగడాలూను.

2022 నవంబరులో నేను అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, డిట్రాయిట్ నగరానికి చేరువలో ఉండే మా అబ్బాయి ఇంటికి వెళ్ళి, చలికాలమంతా అక్కడే ఉన్నాను. వాళ్ళ హాల్లో గోడవారగా ఒక పెద్ద గాజుతొట్టి ఉన్నది. దాని పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండడుగులు, ఎత్తు రెండడుగులు. నేను వెళ్ళేటప్పటికి అది ఖాళీగా ఉన్నది. పక్కనే ఒక చిన్నతొట్టిలో ఐదారు పగడపు ముక్కలు, రెండు చేపలు ఇరుకుగా కాపురం చేస్తున్నాయి.

మా మనమరాలికి అప్పుడు పదకొండేళ్ళు. "తాతయ్యా, ఇవన్నీ పెద్దతొట్టిలోకి మారాలంటే నాన్న ముందు బేస్‌మెంటులో సంపు పెట్టాలి. నువ్వు కూడా సాయం చెయ్యాలి," అన్నది.

"సంపంటే నాకు తెలియదటే? మన ఊళ్ళో దగ్గరుండి కట్టించినవాణ్ణి," అన్నాను. కాని ఆ నాలుగు నెలలూ గడిచేసరికి, నాకు తెలిసింది సగమేనని అర్థమయింది.

పగడం రాయి కాదు

ముందు పగడం సంగతి తెలుసుకోవాలి. పగడాన్ని చూసి కొందరు రాయి అనుకుంటారు, కొందరు చెట్టు అనుకుంటారు. నిజానికి అది జంతువు. ఒక్కొక్క పగడపు జీవి చిన్న గొట్టంలాగా ఉంటుంది. పైన నోరు, నోటి చుట్టూ వేళ్ళ వంటి తంతువులు. అది సముద్రపు నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని తీసుకుని తన కింద గట్టి గూడు కట్టుకుంటుంది. ఇలాంటివి లక్షల కొద్దీ ఒకదాని పక్కన ఒకటి చేరి, వేల ఏళ్ళపాటు కట్టగా ఏర్పడినవే పగడపు దిబ్బలు. మన దేశంలో లక్షద్వీపాలలోనూ, అండమాన్ నికోబార్ దీవులలోనూ, మన్నారు సింధుశాఖలోనూ, కచ్ సింధుశాఖలోనూ ఇవి ఉన్నాయి.

ఈ జీవి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న పాచి మొక్కలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి తమకు చోటిచ్చిన పగడానికి పెడతాయి. పగడానికి రంగు కూడా చాలావరకు వాటి మూలానే వస్తుంది. వెలుతురు లోపలికి రావాలంటే నీరు తేటగా ఉండాలి. మట్టీ, మంచినీరూ ఎక్కువగా వచ్చే చోట ఈ పగడాలు పెరగలేవు. గోదావరి, కృష్ణ వంటి మహానదులు సముద్రంలో కలిసే చోట్ల మనకు పగడపు దిబ్బలు కనిపించకపోవటానికి ఇదొక కారణం.

సముద్రంలో నీటికి కొదవలేదు. చేప ఒకటి మలినం వదిలితే అది ఎక్కడో కలిసిపోతుంది. నాలుగడుగుల తొట్టిలో అలా కాదు. తినగా మిగిలిన ఆహారమూ, చేపల మలినమూ ఆ నీటిలోనే ఉండిపోతాయి. అవి కుళ్ళి అమోనియా అవుతుంది. అది విషం. కొన్ని సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైటుగానూ, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. నైట్రేటు అంత విషం కాదు గాని, ఎక్కువైతే తొట్టి నిండా పాచి పట్టి పగడాలను కప్పేస్తుంది.

అందుచేత పగడాలను పెంచేవాడు నీటిని ఎప్పటికప్పుడు శుభ్రం చెయ్యాలి. ఆ పనిముట్లన్నీ తొట్టిలోనే పెడితే పగడాలకు చోటూ ఉండదు, చూసేవారికి అందమూ ఉండదు. ఆ పనిముట్లు ఉండే వంటిల్లే సంపు.

నేలమాళిగలో ఏమున్నది?

మిచిగన్‌లో చలికాలంలో నేల మూడు నాలుగడుగుల లోతు దాకా గడ్డకట్టవచ్చు. అందుకని ఇంటి పునాది అంతకంటె లోతుకు దించుతారు. ఎలాగూ తవ్వుతారు గనక, చాలా ఇళ్ళ కింద ఒక నిలువెత్తు నేలమాళిగ ఉంటుంది. దాన్నే బేస్‌మెంటు అంటారు. మా అబ్బాయి సంపును అక్కడ, సరిగ్గా హాల్లోని తొట్టి కింద పెట్టాడు. పంపుల మోత హాల్లోకి వినపడదు. ఉప్పునీరు చిందినా కింద ఉన్నది సిమెంటు నేలే. కొత్త ఉప్పునీరు కలుపుకోవటానికి చోటూ ఉన్నది.

హాల్లో తొట్టి పెట్టేముందు వాడు ఒక ఇంజనీరును పిలిచి నేల చూపించాడు. ఆ ఇళ్ళ నేల చెక్కది, చెక్క దూలాల మీద నిలబడి ఉంటుంది. తొట్టిలోని నీరే 430 కిలోలకు పైగా బరువు. గాజూ, రాళ్ళూ అదనం. అందుకని తొట్టి బరువు ఒక్క దూలం మీద కాక నాలుగైదు దూలాల మీద పడేటట్టు, గోడ దగ్గరగా పెట్టారు.

ఇంటి కింద సంపు పెట్టటం కొత్త ఆలోచన కాదు. 1871లో లండన్‌లో క్రిస్టల్ పాలెస్ దగ్గర ఒక పెద్ద చేపల ప్రదర్శనశాల తెరిచారు. దాన్ని తయారుచేసినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. జనం చూసే తొట్లలో ఉన్నదానికంటె చాలా ఎక్కువ సముద్రపు నీటిని అతను కింద చీకటి తొట్టిలో నిలవ ఉంచాడు. ఆవిరి యంత్రంతో నడిచే పంపులు ఆ నీటిని ఎడతెగకుండా పైకి తోడేవి. నీరు ఎంత ఎక్కువ ఉంటే అంత నెమ్మదిగా చెడుతుంది. చీకట్లో పాచి పెరగదు. ఇదీ అతని ఉపాయం. 1874లో ఇటలీలోని నేపుల్స్ నగరంలో తెరిచిన చేపలశాలకు కూడా లాయిడ్ సలహా ఇచ్చాడు. మా అబ్బాయి సంపు ఆ పెద్ద తొట్లకు మునిమనమడన్నమాట.

నీరు ఎలా తిరుగుతుంది?

మన పల్లెల్లో చెరువుకు అలుగు ఉంటుంది. చెరువు నిండితే నీరు గట్టు తెంపకుండా అలుగు మీదుగా పొర్లిపోతుంది. ఈ గాజుతొట్టికి కూడా ఒక మూల అలుగు ఉన్నది. దాని అంచు దువ్వెన పళ్ళలాగా ఉంటుంది, చేపలు కొట్టుకుపోకుండా. ఆ పళ్ళ సందుల్లో నుంచి పైనీరు ఒక చిన్న గాజుగదిలోకి పడుతుంది. అక్కణ్ణించి రెండు గొట్టాలు నేలకు తొలిచిన కన్నాల గుండా బేస్‌మెంటులోకి దిగుతాయి.

"ఒక్క గొట్టం చాలదా?" అని అడిగాను.

"మొదటి గొట్టం ఎప్పుడూ నిండా నీటితో నడుస్తుంది, నాన్నగారూ. నిండుగా ఉంటే గాలి చొరబడదు, గుడగుడ చప్పుడు ఉండదు. ఎంత నీరు దిగాలో కింద ఉన్న ఈ మరతో సరిచేస్తాం. రెండోది కాస్త ఎత్తుగా ఉన్నది చూశారా? అది ఊరికే ఉంటుంది. మొదటి దానికి ఏ నత్తో అడ్డం పడినప్పుడు నీరు రెండో దానిలో దిగిపోతుంది," అన్నాడు మా అబ్బాయి.

కిందికి వచ్చిన నీరు మొదట ఒక గుడ్డసంచిలో పడుతుంది. చెత్త అక్కడ ఆగుతుంది. తరవాత నురుగుతీసే గొట్టంలోకి పోతుంది. మీ అమ్మ పప్పు ఉడకబెట్టేటప్పుడు పైకి తేలిన నురుగును గరిటెతో తీసెయ్యటం చూశారు గదా? ఇదీ అలాంటిదే. గొట్టంలోకి సన్నని గాలిబుడగలను వదులుతారు. నీటిలోని మాంసకృత్తులూ, మరి కొన్ని మలినాలూ బుడగల అంచుకు అంటుకుని, నురుగుగా పైకి పొంగి ఒక గిన్నెలో పడతాయి. రెండు మూడు రోజుల కొకసారి ఆ గిన్నె కడగాలి. అందులోని నీరు టీ డికాక్షను రంగులో ఉంటుంది. దాని వాసన మాత్రం అడగవద్దు!

ఆ తరవాతి గదిలో చిక్కుపడ్డ పచ్చనూలు లాంటి పాచి పెంచుతారు. అది నైట్రేటునూ, ఫాస్ఫేటునూ తినేస్తుంది. పైన తొట్టిలో దీపాలు ఆర్పాక ఇక్కడ దీపం వెలిగిస్తారు. పై తొట్టిలో పాచి పెరిగితే బెడద; అదే పాచి కింద పెరిగితే పనిమనిషి!

ఆఖరు గదిలో నీటిని వెచ్చబెట్టే కడ్డీ, పైకి తోడే పంపు ఉన్నాయి. ఈ నీరు సుమారు పన్నెండడుగులు ఎక్కాలి. పంపు పెట్టె మీద గంటకు ఇన్ని లీటర్లని అచ్చువేసిన అంకె చూసి మోసపోకూడదు. అది ఎత్తు లేనప్పటి అంకె. ఎత్తు పెరిగిన కొద్దీ నీరు తగ్గుతుంది. ప్రతి పంపుకూ ఒక హద్దు ఉన్నది. ఆ ఎత్తుకు చేరితే అది తిరుగుతూనే ఉంటుంది గాని చుక్క నీరు కూడా దాటదు. మా అబ్బాయి పన్నెండడుగుల ఎత్తుకు గంటకు 1,800 లీటర్లు తోడగల పంపు కొన్నాడు. రాళ్ళు పోను తొట్టిలోనూ, సంపులోనూ కలిపి నీరు సుమారు 500 లీటర్లు. అంటే ఆ నీరంతా గంటకు మూడున్నర సార్లు మెట్లెక్కి దిగినట్టే.

మనమరాలి ప్రశ్న

ఉప్పు ఖరీదైనది గనక మొదట మామూలు నీటితో పరీక్ష చేశాం. పంపు చక్కగా తిరిగింది. నీరు పైకి ఎక్కింది, అలుగు పొర్లింది, కిందికి దిగింది. మేమంతా సంతోషించాం.

అప్పుడు మా మనమరాలు, "నాన్నా, కరెంటు పోతే?" అన్నది.

"పంపు ఆగుతుంది. అలుగు దాకా ఉన్న నీరు కిందికి దిగి ఆగుతుంది. అంతే," అన్నాడు వాడు.

"పైకి పోయే గొట్టంలోని నీరో?"

"దానికి ఒకవైపే తెరుచుకునే కవాటం పెట్టాను, అమ్మలూ. వెనక్కి రాదు."

"ఆ కవాటంలో ఇసక అడ్డం పడితే?"

వాడు నవ్వి, "సరే, చూద్దాం," అని పంపు ఆపాడు.

మొదట అలుగు నుంచి నీరు దిగింది. సంపులో మట్టం పెరిగింది. అక్కడితో ఆగవలిసింది, ఆగలేదు. పెరుగుతూనే ఉన్నది. కొద్ది నిమిషాలలో సంపు అంచు దాటి సిమెంటు నేలమీద పడసాగింది. మా అబ్బాయి మెట్ల మీద పరిగెత్తి, పై తొట్టిలో మునిగి ఉన్న గొట్టం మూతిని నీళ్ళలోంచి పైకెత్తాడు. వెంటనే కింద ప్రవాహం ఆగిపోయింది. తరవాత కవాటం విప్పి చూస్తే, గొట్టం కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టు ఒకటి దాని నోట్లో ఇరుక్కుని ఉన్నది.

ఏం జరిగిందో మీకు తెలిసిందా? డబ్బాలోని కిరసనాయిలును రబ్బరు గొట్టంతో తీయటం మీ తాతలు చూసే ఉంటారు. గొట్టం ఒక కొస నూనెలో ముంచి, గొట్టం నింపి, రెండో కొస కిందికి దించితే నూనె దానంతటదే కారుతుంది. దీన్ని సైఫన్ అంటారు. పై కొస మునిగి ఉన్నంతసేపూ అది ఆగదు. పై కొసలోకి గాలి దూరితే ఆగిపోతుంది. పంపు ఆగగానే పైకి ఎక్కించే గొట్టమే కిందికి దించే సైఫన్ అయి కూర్చున్నది. నీరు చిందకుండా ఉంటుందని దాని మూతిని ఆరంగుళాల లోతున ముంచారు. ఆ ఆరంగుళాల నీరూ సంపులోకి రాబోయింది.

రెండు లెక్కలు

నేల తుడిచాక ముగ్గురమూ కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాం. మీరు కూడా ఈ లెక్క చెయ్యవచ్చు. ఒక ఘనపుటడుగులో సుమారు 28.3 లీటర్ల నీరు పడుతుందని గుర్తుంటే చాలు.

పై తొట్టి పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు. అందులో ఒక అంగుళం నీరు దిగితే సుమారు 19 లీటర్లు. ఆరంగుళాలు దిగితే 114 లీటర్లు. అలుగు గదిలోది 5 లీటర్లు, గొట్టాలలోది 7 లీటర్లు. మొత్తం 126 లీటర్లు.

సంపు పొడవు 3 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు 16 అంగుళాలు. అందులో ఒక అంగుళానికి సుమారు 10.6 లీటర్లు. పంపు నడిచేటప్పుడు 9 అంగుళాల నీరు ఉంటుంది. అంటే 7 అంగుళాల ఖాళీ. అందులో పట్టేది 74 లీటర్లు.

126లో 74 పోతే 52. మూడు బిందెల పైగా నీరు నేలపాలు! మా అబ్బాయి పరిగెత్తి ఉండకపోతే అంతా పోయేదే.

మర్నాడు గొట్టం మూతిని నీటికి ఒక్క అంగుళం లోతుకు మాత్రమే ముంచారు. ఇంకా పైన, నీటి మట్టానికి కాస్త కిందుగా, గొట్టానికి ఒక సన్నని రంధ్రం చేశారు. నీరు కొంచెం దిగగానే ఆ రంధ్రంలో గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఒకవేళ పాచి పట్టి రంధ్రం మూసుకున్నా, అంగుళం దిగగానే మూతి బయటపడుతుంది. ఇప్పుడు లెక్క 19, 5, 7 కలిపి 31 లీటర్లు. సంపులో మూడంగుళాలు పెరుగుతుంది. తొమ్మిదీ మూడూ పన్నెండు. పైన ఇంకా నాలుగంగుళాల ఖాళీ. కవాటం ఉంచారు గాని, లెక్కలో దాన్ని లేనట్టే చూశారు. పంపు మళ్ళీ ఆపితే నీరు సరిగ్గా పన్నెండంగుళాల దగ్గర ఆగింది. మా మనమరాలు సంపు మీద అక్కడ ఒక గీత గీసింది.

తరవాత రెండో ప్రశ్న వేసుకున్నాం. దిగే గొట్టాలు రెండూ మూసుకుపోయి, పంపు మాత్రం తోడుతూ ఉంటే? అప్పుడు వరద కింద కాదు, హాల్లో. దీనికి విరుగుడు పంపు ఉన్న గది చిన్నదిగా ఉండటమే. ఆ గదిలో పంపు తోడగలిగిన నీరు 18 లీటర్లు. అది అయిపోతే తోడటానికి ఏమీ ఉండదు. పై తొట్టిలో నీటికీ అంచుకూ నడుమ అంగుళంన్నర ఖాళీ ఉన్నది. అందులో 28 లీటర్లు పడతాయి. కనుక భయంలేదు.

ఈ రెండు లెక్కలూ కలిపి ఒక్క మాటలో చెప్పవచ్చు: పైనుంచి దిగే నీటికి కింద చోటుండాలి, కిందినుంచి ఎక్కే నీటికి పైన చోటుండాలి. ఇది కుదిరితే మిగిలిన పరికరాలు ఏవి చెడినా ఇల్లు మునగదు.

ఉప్పు ఆవిరి కాదు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 500 లీటర్లకు పదిహేడున్నర కిలోలు. ఆ ఇంట్లో రోజుకు ఐదు లీటర్ల నీరు ఆవిరి అయ్యేది. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు కాదు. పది రోజులు ఊరుకుంటే 450 లీటర్లే మిగులుతాయి. ఉప్పు లీటరుకు 39 గ్రాములవుతుంది. పగడాలు ఈ మార్పును ఓర్వలేవు. అందుకని తగ్గిన మేరకు శుద్ధి చేసిన మంచినీరు పొయ్యాలి, ఉప్పునీరు పొయ్యకూడదు.

ఈ పని చెయ్యటానికి పంపు గదిలో ఒక బెండు ఉన్నది. మట్టం తగ్గగానే అది ఒక చిన్న పంపును నడిపి, పక్కనున్న పాత్ర నుంచి మంచినీరు పంపుతుంది. మా అబ్బాయి వంద లీటర్ల పీపా పెడదామనుకున్నాడు. కాని దిగే గొట్టాలు మూసుకుంటే పంపు గది ఖాళీ అవుతుంది; బెండు మోసపోయి పీపాలోని నీరంతా పోస్తుంది; అదీ పైకి ఎక్కుతుంది. 28 లీటర్ల ఖాళీలో 18 పోతే మిగిలేది 10. అందుకని ఎనిమిది లీటర్ల పాత్రే పెట్టారు. రోజూ సాయంత్రం దాన్ని నింపే పని మా మనమరాలిది.

విద్యుత్తు తీగల విషయం కూడా చెప్పాలి. ప్రతి తీగనూ ప్లగ్గు కంటె కిందికి వేలాడేటట్టు ఒంపు తిప్పి బిగించారు. తీగ వెంట నీటిచుక్క జారినా ఆ ఒంపు దగ్గర నేలమీద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. కరెంటు దారితప్పితే తక్షణం ఆపే మీట కూడా పెట్టించారు. ఉప్పునీరూ, విద్యుత్తూ ఒక చోట ఉన్నప్పుడు అది పెద్దలు మాత్రమే చెయ్యవలిసిన పని. పిల్లలు లెక్కలు చెయ్యవచ్చు, తడిచేత్తో ప్లగ్గు ముట్టరాదు.

మంచువాన రాత్రి

ఉప్పు కలిపి, రాళ్ళు పెట్టి, సూక్ష్మజీవులు వృద్ధి కావటానికి ఆరు వారాలు ఆగి, జనవరిలో పగడాలనూ చేపలనూ పెద్దతొట్టిలోకి మార్చారు. ఆ పగడాలు సముద్రం నుంచి తెచ్చినవి కావు. మందారపు కొమ్మ విరిచి నాటినట్టు, వేరేవాళ్ళ తొట్లలో పెరిగిన పగడాల నుంచి తీసిన ముక్కలు.

2023 ఫిబ్రవరి 22న మిచిగన్ దక్షిణ ప్రాంతంలో మంచువాన కురిసింది. వాన చినుకులు చెట్లమీదా, తీగలమీదా పడి అక్కడే గడ్డకట్టాయి. ఆ బరువుకు కొమ్మలు విరిగి తీగలమీద పడ్డాయి. లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. మా అబ్బాయి ఇంట్లో రాత్రి భోజనాలవుతుండగా దీపాలు ఆరిపోయాయి.

మా మనమరాలు టార్చి తీసుకుని బేస్‌మెంటుకు పరిగెత్తింది. నేను గోడ పట్టుకుని వెనకనే దిగాను. సంపులో నీరు పెరుగుతున్నది. పది అంగుళాలు, పదకొండు. ఆ పిల్ల గీత మీదనే వెలుతురు నిలిపి, ఊపిరి బిగబట్టి చూస్తున్నది. నీరు గీతను అందుకున్నది. ఆగింది.

"తాతయ్యా, ఆగింది!" అన్నది.

ఇల్లు గట్టెక్కింది గాని, పగడాలు ఇంకా గట్టెక్కలేదు. కదలని నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. మా అబ్బాయి బ్యాటరీతో గాలిబుడగలు వదిలే చిన్నయంత్రం తొట్టిలో పెట్టాడు. ఇల్లు వెచ్చబెట్టే యంత్రం కూడా ఆగిపోయింది గనక చలి మొదలయింది. తొట్టి చుట్టూ దుప్పట్లు కప్పాం. మా కోడలు గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి, నీరు కాచి, సీసాలలో పోసి గట్టిగా బిరడాలు బిగించి ఇచ్చింది. వాటిని తొట్టిలో తేలవేసి, చల్లారగానే మారుస్తూ తెల్లవార్లూ కూర్చున్నాం. అయినా తెల్లవారేసరికి నీటి వెచ్చదనం 25.5 డిగ్రీల నుంచి 22 డిగ్రీలకు పడిపోయింది.

మర్నాటి సాయంత్రం కరెంటు వచ్చింది. పంపు తిరిగింది. సంపులో నీరు పన్నెండంగుళాల నుంచి మెల్లిగా తొమ్మిదికి దిగింది. చేపలు రెండూ బతికాయి. పగడాలు రెండు రోజులు ముడుచుకుని ఉండి, మూడోనాడు తంతువులు బయటికి చాపాయి. ఒక్క కొమ్మపగడం మాత్రం తెల్లబడింది. దానిలోని పాచి మొక్కలు దాన్ని విడిచిపోయాయి. నేను తిరిగి వచ్చే నాటికి అందులో సగం చచ్చిపోయింది, సగానికి మళ్ళీ రంగు వచ్చింది.

సముద్రంలో కూడా పగడాలు ఇలాగే తెల్లబడుతున్నాయి. అక్కడ కారణం చలి కాదు, నీరు మరీ వేడెక్కటం. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడటం నాలుగోసారి జరుగుతున్నదని ప్రకటించారు. ఆ ఏడు మన లక్షద్వీపాలలోనూ అలా జరిగింది. ఐదువందల లీటర్ల నీటిని ఒక్క రాత్రి కాపాడటానికే నలుగురం నిద్ర మానుకోవలిసి వచ్చింది. సముద్రాన్ని కాపాడటానికి ఎంతమంది కావాలో మీరే ఆలోచించండి. మన దేశంలో సముద్రం నుంచి పగడాలను విరిచి తేవటం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి వాటికి పులికి ఉన్నంత రక్షణ ఉన్నది.

మీకొక పని

మన ఊరికి తిరిగివచ్చాక నేను మా ఇంటి సంపును కొత్తకళ్ళతో చూశాను. పొడవూ, వెడల్పూ, లోతూ కొలిచి ఎన్ని లీటర్లు పడుతుందో లెక్క కట్టాను. మేడమీది ట్యాంకు నిండాక మోటారు ఆపటం మరిచిపోతే నీరు ఎటు పోతుందో వెళ్ళి చూశాను. పొర్లుగొట్టం సగానికి సగం ఎండుటాకులతో మూసుకుని ఉన్నది. ఇరవై ఏళ్ళుగా ఒక్కనాడూ చూడలేదు!

మీరూ పెద్దవాళ్ళతో కలిసి మీ ఇంటి సంపునూ, ట్యాంకునూ కొలవండి. సంపు మూత మాత్రం పెద్దవాళ్ళు దగ్గర లేకుండా తీయవద్దు. నీరు నడిచేటప్పుడు ఎటు పోతుందో చూడటం తేలిక. ఆగినప్పుడు ఎటు పోతుందో కూడా ఆలోచించండి.

మొన్న ఫోనులో మా మనమరాలిని, "సంపు మీద నీ గీత ఉన్నదా?" అని అడిగాను.

"చెరిగిపోతున్నదని మళ్ళీ దిద్దాను, తాతయ్యా. ఈసారి చెరగని సిరాతో," అన్నది.